కూసున్నోడు లేచిండు

పన్నెండేళ్లు నేను నవ్వులు రాసి బతికాను. టీవీలో సాయవ్వ అనే పనిమనిషి మీకు గుర్తుండే ఉంటుంది. చీపురు చంకలో పెట్టుకుని వచ్చి “ఏందమ్మా గిట్ల జేస్తవ్” అనగానే వెనక నుంచి నవ్వుల టేపు మోగేది. సాయవ్వకు మాటలు రాసింది నేనే. అది మా అమ్మ మాట్లాడే భాష, మెదక్ పక్కన మా ఊరంతా మాట్లాడే భాష. దానికి కాస్త ఉప్పూ కారం దట్టించి, ప్రతి మాటనూ కాస్త వంకర తిప్పి ఇచ్చేదాన్ని. “ఇంకా దట్టించమ్మా” అనేవాడు డైరెక్టరు. దట్టించేదాన్ని. అమ్మ కూడా ఆ కార్యక్రమం చూసి నవ్వేది. అవి తన మాటలేనని ఆమెకు తెలిసిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఒకరోజు కొత్త స్కిట్టు రాయమన్నారు. సాయవ్వ దీక్షా శిబిరానికి వెళ్తుంది, అందరూ అక్కడ ఎందుకు కూర్చున్నారో తెలియక నవ్వులపాలవుతుంది. అదీ కథ. నాకు కోపం ముందొస్తుంది, బుద్ధి వెనక నడిచొస్తుంది. రాయనన్నాను. “రాసిన రోజే లోపలికి రా” అన్నారు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

కానీ బతకాలి కదా. ఒక ఎఫ్‌ఎం రేడియోకు జోకులు రాసివ్వడానికి వెళ్తే, ఆ పూట క్రికెట్ ముచ్చట్లు చెప్పే ఆయన రాలేదు. ఖాళీగా కనిపించింది నేనే. మైకు ముందు కూర్చోబెట్టారు. బడిలో కబడ్డీ ఆడి మండలం దాకా వెళ్లినదాన్ని, ఆట మాటెత్తితే నోరు ఆగదు. పది నిమిషాల పని అరగంట నడిచింది. మర్నాడు స్టేషన్ పెద్ద మూర్తి గారు పిలిచారు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు, కాఫీ ఇవ్వకుండా ఎవరినీ పంపరు. “పల్లె ఆటల మీద అరగంట శాంపిలు చేసి సోమవారానికి తీసుకురండి. బాగుంటే ఆదివారం సాయంత్రాలు మీవి. రేడియోలో వచ్చాక దాన్నే ఇంటర్నెట్‌లో పాడ్‌కాస్ట్‌గా పెడదాం. ఒక్క మాటండీ, మీ సాయవ్వ భాష మాత్రం వద్దు. అది కామెడీకి సరిపోతుంది” అన్నారు. పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో అడగడానికి సిగ్గుపడి తలూపాను. ఆ అరగంట బాగా వస్తే ఆటలు, రాకపోతే ఆ దిక్కుమాలిన స్కిట్టు. నా ముందున్నవి ఆ రెండే.

తెలంగాణ కోసం అందరూ సమ్మె చేస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. వరంగల్ జిల్లా అంతటా కుర్రాళ్లు రోడ్లు ఆపి, రోడ్డు మీదే కబడ్డీ ఆడుతున్నారని విని రికార్డరు భుజాన వేసుకుని బయల్దేరాను.

జనగామ

పట్నం, అంటే హైదరాబాద్ నుంచి మూడు బండ్లు మారి చేరాను. అందులో ఒకటి ఉల్లిగడ్డల లారీ. ఆ వాసన నాలుగు రోజులూ నా కొంగును వదల్లేదు.

నాకు దారి చూపిన మనిషి ఖలీల్ చాచా. జనగామలో నలభై ఏళ్లుగా మైక్ సెట్టు నడుపుతున్నాడు. ట్రాలీ ఆటో మీద రెండు బూరలు, ఒక యాంప్లిఫయరు, ఒక లారీ బ్యాటరీ, వాటి మధ్య ఆయన. బూరల పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయింది. అందుకని ఆయనతో మాట్లాడేవాళ్లంతా కుడి పక్కకు చేరతారు.

“సమ్మెల షాదీలు బందైనయ్ బేటీ. ఇగ నా బూరలకు గీ కబడ్డీలే దిక్కు. జనగామ, మానుకోట, గూడూరు, భూపాలపల్లి, ఏడ ఆటుంటే ఆడికి పోతున్న. నువ్వు గూడ ఎక్కు. మైకుల జెప్పెటోళ్లు లేక నేనే జెప్తున్న, నాకు ఆట తెల్వదు.”

ఇంతకంటే ఏం కావాలి. ఎక్కాను. పాడ్‌కాస్ట్ సంగతి చెబితే “అంటే క్యాసెట్టా?” అన్నాడు. “క్యాసెట్టే చాచా, కాకపోతే క్యాసెట్టుండదు” అన్నాను. ఆయనకు వినిపించే చెవి కూడా పోయిందేమోనన్నట్టు చూశాడు.

హైవే మీద బండ్లు లేవు, పొయ్యిలున్నాయి. వంటావార్పు అని పేపర్లో చదివినప్పుడు ఫొటో కోసం చేసే పని అనుకున్నాను. కాదు, నిజంగానే వాడకట్టు వాడకట్టంతా రోడ్డు మీద వండుకుని తింటోంది. తెల్లగీత పక్కన విస్తరి వేసి కూర్చోబెట్టారు నన్ను. వేడి కిచిడీ, పచ్చిపులుసు. మా దిక్కు పచ్చిపులుసులో చిటికెడు బెల్లం వేస్తాం, ఇక్కడ వేయరు. వేయకపోతేనే బాగుంటుందని ఆ రోజు తెలిసింది, అమ్మతో అనకండి. అలవాటు కొద్దీ నేను వెనక్కి చూస్తూ తింటుంటే వడ్డిస్తున్న అవ్వ నా భుజం తట్టింది.

“నిమ్మలంగ తిను బిడ్డా. లారీ రాదు.”

తిన్నాక ఆట. మూర్తి గారి మాట గుర్తుంది కనుక బయల్దేరే ముందు రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను. మైకు అందుకుని “ప్రేక్షక మహాశయులకు నమస్సులు” అని మొదలుపెట్టాను. క్రీడాకారుడు ప్రత్యర్థి ప్రాంగణంలోకి ప్రవేశించాడు, ఒకరిని స్పృశించాడు, వెనుదిరుగుతున్నాడు. రెండు బూరల్లోంచి ఈ మాటలు జనగామ మీద వాలుతుంటే ఒక ముసలాయన చాచా కుడి చెవి దగ్గరికి వచ్చి అడిగాడు.

“ఏం భాయ్, ఎవలన్న పెద్దమనిషి పోయిండా? సంతాపం జెప్తున్నరు?”

అంతలో పట్టుబడిన కుర్రాడొకడు లేచి దుమ్ము దులుపుకుంటుంటే “ఈ క్రీడాకారుడు నిష్క్రమించాడు” అన్నాను. వాడు నా వైపు తిరిగి, పాపం మర్యాదగానే, “ఎటు పోవాలె మేడం?” అన్నాడు. జనమంతా నవ్వారు. నేను రాసిన జోకులకు కూడా ఎప్పుడూ అంత నవ్వు రాలేదు, కానీ ఆ నవ్వు నా మీద. సాయంత్రానికి సగం మంది సీతాఫలాల గంపల దగ్గరికి వెళ్లిపోయారు. నేనూ వెళ్లాను. గంప అరవై రూపాయలు, పట్నంలో ఆ డబ్బుకు చారెడు రావు. ఓటమికి సీతాఫలం మంచి మందు.

తొర్రూరు మీదుగా మానుకోట

తొర్రూరులో బజారు సగం మూసి ఉంది, మిర్చీల బండి మాత్రం పూర్తిగా తెరిచి ఉంది. పది రూపాయలకు నాలుగు. కడుపులో ఉల్లిగడ్డ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. చాచా ఆరు తిన్నాడు. రెండు నావి.

మహబూబాబాద్ అనేది బోర్డు మీది పేరు. మనుషులు మానుకోట అంటారు. ఊళ్లోకి వెళ్తూనే చాచాతో చెప్పాను, ఈ రోజు నా పాత విద్య బయటికి తీస్తానని. మూర్తి గారు వద్దన్నారు, నిజమే. కానీ ముందు జనం నిలబడాలి కదా, భాష సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

మైకు పట్టుకుని సాయవ్వ గొంతు పెట్టాను. “ఓ లచ్చులూ, గా పోరడు జూడుండ్రి, కోడి లెక్క ఎట్ల దుంకుతుండో” అని ముక్కులోంచి సాగదీశాను. అంతే, మానుకోట విరగబడి నవ్వింది. రోడ్డు నిండింది, గోడలు నిండాయి. ఆడుతున్నవాళ్లు కూతకు వెళ్లి నా మాట విని నవ్వు ఆపుకోలేక దమ్ము వదిలేశారు, అలా ఇద్దరు పట్టుబడ్డారు. వాళ్ల జట్టువాళ్లు నన్ను కాస్త గుర్రుగా చూశారు గానీ నేను పట్టించుకోలేదు. గెలిచానన్న మత్తులో ఉన్నాను.

ఆట అయ్యాక స్టేషన్ ఎదురుగా సత్తెమ్మక్క హోటల్లో చాయ్ తాగాం. నలభై దాటిన మనిషి, చేతులు ఆగకుండా పని చేస్తూ మాట్లాడుతుంది. గ్లాసు నా ముందు పెట్టి అడిగింది.

“టీవీల సాయవ్వ మాటలు అచ్చం దించినవ్ అక్కా. ఎట్ల నేర్సినవ్?”

“నేర్చుడేంది అక్కా, గా మాటలు రాసేది నేనే” అన్నాను. గర్వంగానే అన్నాను, ఎందుకు దాచాలి.

ఆమె చాయ్ వడపోస్తూ తలూపింది. కోపం లేదు, గొంతు పెంచలేదు.

“నా బిడ్డ పట్నంల సదువుతది. గా సాయవ్వ వచ్చినంక హాస్టల్ల పోరగాండ్లు దాన్ని గదే పేరు పెట్టి పిలుస్తరట. గిప్పుడు ఇంటికి ఫోన్ జేస్తె గూడ సాటుకు పోయి మెల్లగ మాట్లాడ్తది. నాకు సరిగ ఇనపడదు. జర గట్టిగ మాట్లాడు బిడ్డా అంటె, ఎవలన్న ఇంటరు అవ్వా అంటది.”

ఇంకొకరికి చాయ్ ఇవ్వడానికి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. సిగ్గేసింది, చెప్పుకోలేనంత సిగ్గేసింది. పన్నెండేళ్లలో నా మాటలకు ఎన్ని నవ్వులు వచ్చాయో లెక్క వేసుకునేదాన్ని గానీ, ఏ పిల్ల గొంతు తగ్గిందో ఎప్పుడూ అనుకోలేదు. చాయ్ చల్లారిపోయింది. సత్తెమ్మక్క అది తీసేసి, అడక్కుండానే వేడిది పెట్టింది.

గూడూరు పక్క తండా

మూడో రోజు నేను మైకు ముట్టలేదు. గూడూరు దాటి అడవి అంచున ఉన్న లంబాడా తండాలో ఆడపిల్లల కబడ్డీ. నాకు ఒంట్లో బాగాలేదని చాచాతో అబద్ధం చెప్పి, రికార్డరు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. చాచా మాత్రం తనకు తోచినట్టు చెప్పుకుంటూ పోయాడు. “గీమె ఉరుకుతుంది. గామె పట్టింది. మస్తుంది.” అంతకు మించి ఆయన దగ్గర సరుకు లేదు.

జట్టు పెద్ద కమ్లి. పత్తి ఏరి, ఇంటర్ చదివి, మిగిలిన పొద్దులో ఆడుతుంది. ఆడపిల్లలు ఆట మధ్యలో వాళ్ల భాషలోనూ తెలుగులోనూ అరుచుకుంటున్నారు. ఒక మాట మాత్రం తెలుగులోనే మళ్లీ మళ్లీ వస్తోంది. పట్టుబడితే “సచ్చింది.” తమవాళ్లు అవతలి మనిషిని ముట్టివస్తే, బయట కూర్చున్న పిల్ల “లేచింది.” మా ఊళ్లో కూడా చిన్నప్పుడు అలాగే అనేవాళ్లం. మండలం పోటీలకు వెళ్లాక సారు ‘ఔట్’ అనడం నేర్పాడు, నేను మరిచేపోయాను.

ఆట అయ్యాక కమ్లితో ఆ మాటన్నాను. చెమట తుడుచుకుంటూ నవ్వింది.

“మీది రేడియో కద అక్కా, బొమ్మ కానరాదు. ఔట్ అంటె ఇనెటోళ్లకు ఏం కానొస్తది? సచ్చింది అంటె పడ్డట్టు కానొస్తది, లేచింది అంటె లేచినట్టు కానొస్తది.”

పన్నెండేళ్లు రాసిన నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ముచ్చటేసి ఆమె భుజం మీద చేయి వేశాను.

వాళ్ల అమ్మ, అక్కడ యాడి అంటారు, చేటంత జొన్న రొట్టె చేతిలో పెట్టింది. దాన్ని బాటి అంటారు. మా ఇంటి జొన్న రొట్టెకంటే మందం, పక్కన కోడి కూర, కళ్లలో నీళ్లు తిరిగే కారం. నేను తినడంలో మునిగి ఉండగా వాళ్ల మేక నా సంచిలో తల పెట్టి ‘ప్రేక్షక మహాశయులు’ నాలుగు పేజీలూ నమిలేసింది. కమ్లి కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చింది. వద్దన్నాను. జనగామలో ఎవరికీ సహించనిది దానికైనా రుచించింది.

చిట్యాల, బాయి

నాలుగో రోజు చిట్యాలలో కబడ్డీ జట్టు మా ట్రాలీ ఎక్కింది. అందరూ రైతు బిడ్డలు. భూపాలపల్లిలో సమ్మెలో ఉన్న బొగ్గుగని కార్మికులతో వాళ్ల ఆట. ఏడుగురు ఆటగాళ్లు, రెండు బూరలు, నేను. చాచా ఆటో ఎత్తు ఎక్కేటప్పుడు అందరం దిగి తోయడం, దిగేటప్పుడు ఎక్కడం. భూపాలపల్లి చేరేసరికి వాళ్లకు ఆటకంటే ముందే దమ్ము అయిపోయింది.

అక్కడ నా అజ్ఞానం ఒకటి బయటపడింది. గని కార్మికుల జట్టులో ఓదేలు అనే బక్కపలచని మనిషిని పలకరించి, ఏం పని చేస్తారని అడిగాను.

“బాయిల దిగుత అక్కా.”

మా దిక్కు బాయి అంటే నీళ్ల బాయి. “ఈత బాగ వస్తదా మరి?” అన్నాను.

ఆయన తల తడుముకుంటూ, “ఈత ఎందుకక్కా, నెత్తికి లైటుంటె సాలు” అన్నాడు. ఇక్కడ బాయి అంటే బొగ్గు గని. ఆట మొదలయ్యేదాకా చిట్యాల వాళ్లు, భూపాలపల్లి వాళ్లు కలిసి నన్ను ఈత గురించి అడుగుతూనే ఉన్నారు.

భూపాలపల్లి

కార్మికుల క్వార్టర్ల ముందు రోడ్డు మీద గీతలు గీశారు. చాచా ఒక బూర బజారు వైపు, ఒకటి క్వార్టర్ల వెనక పత్తి చేన్ల వైపు తిప్పాడు. మర్నాడు సోమవారం. రికార్డరులో అప్పటికి ఉన్నది ఒక సంతాప సభ, ఒక సాయవ్వ, చాచా ‘మస్తుంది’లు. ఈ ఆటే నా ఆఖరి అవకాశం.

కమ్లి మాటలు పట్టుకుని మొదలుపెట్టాను. సచ్చిండు, లేచిండు. జనం వెంటనే అందుకున్నారు. గని జట్టులో సంపత్ అనే కుర్రాడు చురుకైన ఆటగాడు, ఇరవై ఏళ్లుంటాయి. రెండుసార్లు ముట్టి వచ్చాడు. మూడోసారి కూతకు వెళ్లాడు. చిట్యాల వాళ్లు కాళ్లు దొరకబుచ్చుకున్నారు, నడుము పట్టారు, నలుగురు మీద పడ్డారు. నేను ఊపిరంతా మైకులో పోసి చెప్పాను. “సంపత్ పడ్డడు, సంపత్ సచ్చిండు. మన సంపత్ సచ్చిండు.”

చిట్యాల వాళ్లు ఈలలు వేశారు. ఆట సాగింది. గని జట్టువాళ్లే ఇంకో ఇద్దరు పట్టుబడ్డారు. అప్పుడు చేన్ల వైపు నుంచి ఒకామె వస్తూ కనిపించింది. యాభై ఏళ్లుంటాయి. ఏరిన పత్తి ఒడిలో కట్టుకుని ఉంది, ముడి ఊడిపోయి దారి పొడుగునా పత్తి రాలుతోంది. ఏడవడం లేదు, అరవడం లేదు. గుంపును రెండు చేతులతో పక్కకు నెట్టుకుంటూ వచ్చింది.

“నా కొడుకేడి?” అంది. “సంపత్ ఏడి?”

ఆట ఆగిపోయింది. ఆ రోజుల్లో పొద్దున్నే పేపరు తెరవాలంటే భయం. తెలంగాణ కోసమని ఎక్కడో ఒకచోట ఎవరో ఒక పిల్లవాడు ప్రాణం తీసుకుంటున్న రోజులు. ఇరవై ఏళ్ల కొడుకున్న ప్రతి తల్లీ వాడు గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా చెవులు రిక్కించుకుని ఉండేది. ఆ చెవుల్లో నేను బూర పెట్టి చెప్పాను.

సంపత్ గీత బయట కూర్చుని నెత్తి మీద నీళ్లు పోసుకుంటున్నాడు. “అవ్వా, గీడున్న” అన్నాడు. ఆమె వెళ్లి వాడి చెంప మీద రెండు కొట్టింది, తర్వాత వాడి తడి నెత్తి పట్టుకుని అక్కడే కూలబడింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

నేను మైకు చేతిలో పట్టుకునే ఆమె దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మైకు పని చేస్తోందన్న సంగతి కూడా తట్టలేదు.

“అవ్వా, తప్పైంది. గా మాటన్నది నేనే. నీ కొడుక్కేం గాలే. ఆటల పట్టువడ్డోన్ని గట్లంటరు. పట్టిండ్రు, గందుకె బయట కూసున్నడు. గంతే. జూడు, మంచిగున్నడు.”

ఆ మాటలు రెండు బూరల్లోంచీ ఊరంతటికీ వినబడ్డాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది మహాశయుల గొంతు కాదు, సాయవ్వ గొంతూ కాదు. అన్నం తిన్నావా అని అమ్మ ఫోన్‌లో అడిగినప్పుడు నేను బదులిచ్చే గొంతు.

ఆమె పేరు కొమురమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

“కూసుంటె కూసున్నడు అనరాదా బిడ్డా? గా మాట మైకుల అంటరా?”

“అనను అవ్వా. ఇగ అనను.”

చాచా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. నాలుగు రోజుల్లో ఆయన గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. “అందరు ఇనుండ్రి. గీ మైకుల ఎవ్వలు సావరు. కూసుంటరు, లేస్తరు. గంతే.” రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. ఈల ఊదే సారు కూడా తలూపాడు.

ఆట మళ్లీ మొదలైంది. కొమురమ్మ వెళ్లలేదు, నా పక్కనే కూర్చుంది. కొడుకు మీద కన్ను వేసి ఉంచి అడిగింది.

“మరి ఎప్పుడు లేస్తడు?”

“వాని జట్టోడు పోయి అవతల ఒకన్ని ముట్టి మర్లొస్తె లేస్తడవ్వా.”

“ముట్టమను మరి.”

ఇక అక్కడి నుంచి నేను ఊరికి చెప్పలేదు, కొమురమ్మకు చెప్పాను. ఎవరు ఎటు కదులుతున్నారు, ఎవరికి దమ్ము తగ్గుతోంది, ఎవరు కాలు ముందు పెట్టి ఆశ చూపుతున్నారు, అన్నీ ఆమెకు ఒక్కొక్కటీ విప్పి చెప్పాను. ఊరు వింటోంది, అది వేరే సంగతి. పావుగంటలో ఆమె ఆట పట్టేసింది. “గా ఎర్రంగోడు కాలు మరిసిపోయిండు, వాన్ని ముట్టుండ్రి” అని ఆమె అన్న మాట బూరలో వినబడి, చిట్యాల జట్టులో ఎర్ర అంగీ వేసుకున్న కుర్రాడు గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. “అవ్వకు మైకు ఇయ్యకుండ్రి, మా గుట్టు ఇప్పుతుంది” అని చిట్యాల వాళ్లు మొర పెట్టుకున్నారు. జనం నవ్వుతున్నారు, కానీ ఎవరి మీదా కాదు. అంత హాయైన నవ్వు నేనెప్పుడూ రాయలేదు.

ఒకరొకరే కూర్చుంటూ గని జట్టులో ఓదేలు ఒక్కడే మిగిలాడు. సమయం ఆఖరుకు వచ్చింది. ఈత రాని ఓదేలు కూత పెట్టుకుని వెళ్లాడు. కొమురమ్మ నా మోచేయి పట్టుకుంది. ఓదేలు ఎర్రంగి వాణ్ని ముట్టాడు, పట్టుబడ్డాడు, పడ్డాడు, పడుతూ పడుతూ చెయ్యి చాపి గీత అందుకున్నాడు. దమ్ము ఇంకా ఆడుతూనే ఉంది. సారు ఈల ఊదాడు. కొమురమ్మ నా చేతిలో మైకు లాక్కుని పత్తి చేన్ల దాకా వినబడేలా చెప్పింది.

“లేచిండు. నా కొడుకు లేచిండు.”

మొదట్లో తెచ్చుకున్న పాయింట్లు కలుపుకుని ఒక్క పాయింటుతో గని జట్టు గెలిచింది. సాయంత్రం కొమురమ్మ ఇంట్లో మేం సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టెను గిన్నప్ప అని పెట్టింది. మా అమ్మ చేసేదానికంటే కరకరలాడింది. ఇది కూడా అమ్మతో అనకండి.

మళ్లీ పట్నం

రాత్రంతా లారీలు మారి పట్నం చేరి, సోమవారం పొద్దున రికార్డరు పెట్టుకుని విన్నాను. ఓదేలు కూతకు బయల్దేరాడు, కొమురమ్మ “పోతుండు, పోతుండు” అంటోంది, అంతే. అక్కడ బ్యాటరీ అయిపోయింది. అసలు ముక్క లేదు. కొమురమ్మ వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి ఉన్నదంతా తీసుకెళ్లి మూర్తి గారికి ఇచ్చాను. మిగతావి ఇవ్వలేదు.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. ముఖంలో ఏమీ తెలియలేదు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని, స్కిట్టు మొదటి వాక్యం ఎలా రాయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ వాక్యం రావడం లేదు. రాదని కూడా అప్పటికి తెలిసిపోయింది.

ఆయన కళ్లు తెరిచారు.

“ఈ భాష వద్దన్నాను కదండీ.”

“మీరు వద్దన్నది సాయవ్వ భాష సార్. ఇది నాది.”

ఆయన టేపు కాస్త వెనక్కి తిప్పి చివరి నిమిషం మళ్లీ విన్నారు. ఆగిపోయిన చోట ఇంకోసారి నొక్కి చూశారు. హెడ్‌ఫోన్లు తీయకుండానే అడిగారు.

“ఇంతకీ ఆ కుర్రాడు లేచాడా?”

“లేచిండు సార్.”

“ఎట్లా? అవతల ఏడుగురు, ఇవతల ఒక్కడే కదండీ?”

నేను చెప్పబోతుంటే ఆగమన్నట్టు చెయ్యి చూపించి, పక్క గదిలోకి తీసుకెళ్లి మైకు ముందు కూర్చోబెట్టారు. అద్దం అవతలికి వెళ్లి ఎర్ర లైటు వెలిగించారు. ఆయన గొంతు నా చెవుల్లో వినిపించింది.

“ఆ అవ్వకు చెప్పినట్టే నాకు చెప్పండి.”

చెప్పిన.